రెండు చుట్లు

పురుషోత్తం ఇంట్లో వెనకవైపు స్నానాలగదిలో షవరు విప్పితే నీళ్ళు పడవు, కారతాయి. కొత్త షవరే. అతని భార్య ఇందుమతి గుంటూరు వెళ్ళి ఏరికోరి తెచ్చుకుంది. తీరా బిగించాక దాని కింద నిలబడి తల తడుపుకోవాలంటే తలనే దాని చుట్టూ తిప్పుకోవాల్సి వచ్చింది. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు ఆమె మొగుడి ముందు తువ్వాలు విసిరికొట్టింది.

"రాష్ట్రంలో పైపులన్నీ కోసి చూస్తారుగా, మన పైపుకేం రోగమొచ్చిందో చూడరా?"

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితితొట్లో పడ్డట్టుంది అతని పని. గుంటూరు శివార్లలోని ప్రయోగశాలలో పైపుల్లో పేరుకునే గార మీద ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. పేపర్లో ఫోటో పడింది. సన్మానాలు జరిగాయి, శాలువాలు బీరువాలో అరనిండా ఉన్నాయి. అలాంటివాడి ఇంట్లో నీళ్ళు రావంటే నవ్వుకోరూ? అయినా ఆ వెనకవైపు పైపు జోలికి వెళ్ళాలంటే అతనికి మనసొప్పదు. ఎందుకో ఇందుమతికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున ప్లంబర్ మస్తాన్ వచ్చాడు. ముందు పైకెక్కి ట్యాంకు మూత తీసి చూశాడు, నిండుగా ఉంది. ముందువైపు వంటింటి కుళాయి కింద బక్కెట్టు పెట్టి ఫోన్లో టైము చూశాడు, నాలుగు నిమిషాల్లో నిండింది. అదే బక్కెట్టు వెనకవైపు పదకొండు నిమిషాలు తీసుకుంది. షవరు తల విప్పి జల్లెడ చూశాడు, శుభ్రంగా ఉంది.

"పైనా లేదు, కుళాయిలోనూ లేదు సార్ జబ్బు. మధ్యలో ఉంది," అన్నాడు మస్తాన్.

ఇంటి ముందుభాగానికీ వెనకభాగానికీ మధ్య ఉన్న సందులోకి నడిచాడు. గోడ మీద ఛాతీ ఎత్తున ఒక పాత ఇత్తడి వాల్వు ఉంది. దాన్ని పట్టుకుని తిప్పబోయాడు, కదలలేదు. పానా వేసి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, బలమంతా పెట్టి తిప్పాడు.

"ఇదిగో సార్. ఎవరో దీన్ని రెండు చుట్లు కట్టేసి వదిలేశారు. ఎన్నేళ్ళయిందో ఏమో, అట్టానే బిగుసుకుపోయింది. ఎవరు కట్టారో గానీ తెలివిగా కట్టారు. పూర్తిగా కట్టలా, పూర్తిగా వదల్లా."

"ఏమో," అన్నాడు పురుషోత్తం. చెవులు ఎర్రబడ్డాయి. ఎండ కూడా ఉంది కాబట్టి మస్తాన్ పట్టించుకోలేదు.

వాల్వు వదిలినా బక్కెట్టుకి ఏడు నిమిషాలు పట్టింది. దాంతో మస్తాన్ వెనకవైపు పైపుని ఒకచోట కోశాడు. అంగుళం పైపులో పెన్సిలు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. మిగతాదంతా తెల్లగా, గట్టిగా, పొరలు పొరలుగా గార. వాళ్ళ ఊరు పిడుగురాళ్ళలో నేలంతా సున్నపురాయి. ఇక్కడి బోరు నీళ్ళు కాస్తే గిన్నెకి తెల్లటి తొడుగు వేస్తాయి. ముప్పై ఏళ్ళ పైపులో ఇంతకంటే ఏముంటుంది?

"సగం గార, సగం వాల్వు. యాసిడ్ కొడదామా సార్, పైపు మారుద్దామా?"

"యాసిడ్ కొట్టు," అన్నాడు పురుషోత్తం. మాట నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందంటే, మస్తాన్ చేతిలో పని ఆపి ఒకసారి అతని మొహం చూశాడు.

ముప్పై ఏళ్ళ కింద ఆ వెనక భాగంలో ప్రకాశం గారని ఒకాయన అద్దెకుండేవాడు. సున్నపు బట్టీలో కాటా గుమాస్తా. మనిషి నెమ్మది. భార్య గడప దాటి బయటికొచ్చేది కాదు. పదకొండేళ్ళ కూతురు కృపావతి మాత్రం కాలు నిలవకుండా తిరిగేది. సాయంత్రమైతే పలకతో వచ్చి పురుషోత్తం దగ్గర లెక్కలు చెప్పించుకునేది. అతనప్పుడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. అన్నయ్యా, అన్నయ్యా అని వెంటపడేది.

ఒకరోజు పోస్టులో వచ్చిన ఉత్తరం మీద వాళ్ళ పూర్తి పేర్లు చూసి, పురుషోత్తం తల్లి సాంబ్రాజ్యానికి వాళ్ళ కులమేదో తెలిసింది. నలుగురిలో మంచిదనిపించుకున్న మనిషి. ఖాళీ చేయమని మొహం మీద అనలేకపోయింది. పొమ్మనలేక పొగబెట్టినట్టు అంటారే, ఈ ఇంట్లో పొగకి బదులు నీళ్ళు పనికొచ్చాయి. నాలుగు నెలల పాటు ప్రకాశం భార్య వీధి చివర చేతిపంపు నుంచి బిందెలు మోసింది. ప్రకాశం ఒకసారి వచ్చి అడిగాడు కూడా.

"పైపుల్లో గార పట్టిందండీ. ఏం చేయలేం," అన్నాడు పురుషోత్తం.

"చదువుకునేవాడివి, నువ్వు చెబితే అంతేలే బాబూ," అన్నాడాయన.

పరీక్షలవగానే వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పురుషోత్తం లైబ్రరీకి వెళ్ళి గార గురించి చదివాడు. ఎవరైనా మళ్ళీ అడిగితే తడబడకుండా చెప్పడానికి చదివాడు. చదివేకొద్దీ అది అతన్ని పట్టుకుంది. పీహెచ్‌డీ, ప్రయోగశాల, శాలువాలు, అన్నీ ఆ ఒక్క అబద్ధానికి పుట్టిన పిల్లలే. ఈ సంగతి ఏ సన్మానసభలోనూ చెప్పలేదు.

అతను కనిపెట్టింది చిన్నదేం కాదు. పైపులో నీళ్ళు కదులుతున్నప్పుడు దగ్గర్లో ఎవరైనా మాట్లాడితే ఆ అదురు నీటికి తగులుతుంది, సున్నం ఆ అదురుతోనే గోడకు అంటుకుంటుంది. వెంట్రుకలో వందోవంతు ఎత్తుపల్లాలు. వాటి మీద వెలుగు నడిపించి తిరిగి మాటగా మార్చే యంత్రం అతను తయారుచేశాడు. పత్రికలు దానికి ఏదో సంస్కృతం పేరు పెట్టాయి. ప్రయోగశాలలో అందరూ గార మిషను అనేవారు. ఒక పొరని ఒక్కసారే చదవగలరు, చదివిన పొర ఆ వెలుగు వేడికి పొడి అయి రాలిపోతుంది. ఆ తర్వాత మాట మిషను దాచుకున్న ఫైలులో మాత్రమే ఉంటుంది.

మొదట్లో అందరూ సంబరపడ్డారు. పాత సత్రం కుళాయి ఒకటి చదివితే ఎవరో ఆవిడ పెసరట్టు మాడిందని పిల్లని తిట్టడం వినిపించింది, ప్రయోగశాల మొత్తం చప్పట్లు కొట్టింది. తర్వాత తర్వాత చప్పట్లు తగ్గాయి. కుళాయి విప్పి ఉన్నప్పటి మాటలే గారలో పడతాయి. మన ఇళ్ళలో మనుషులు కుళాయి విప్పి ఏం మాట్లాడతారు? పక్కగదిలో వాళ్ళకి వినపడకూడనివి మాట్లాడతారు. అత్త మీద కోడలు, తమ్ముడి మీద అన్న, అందరూ గుట్టు దాచుకోవడానికి నీళ్ళచప్పుడు అడ్డం పెట్టుకున్నారు. అడ్డం పెట్టుకున్నదే మాటల్ని దాచిపెట్టింది. ఒక ఇంట్లో అన్నదమ్ములు తాతగారి గొంతు వినాలని సరదాపడి పైపు పంపారు. విన్న నెలకి పొయ్యిలు వేరయ్యాయి. అప్పట్నించీ ఆ ఇంట్లో కాపురమున్నవాళ్ళ ఒప్పుకోలు లేనిదే ఏ పైపూ చదవకూడదని నియమం పెట్టారు. నియమం రాసింది పురుషోత్తమే.

ఆదివారం సాయంత్రం కృపావతి ఫోన్ చేసింది. నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుందామె. రెండేళ్ళ కిందటే అడిగింది, "మా నాన్నది ఫోటో ఒకటుంది అన్నయ్యా, గొంతు లేదు. సున్నం దుమ్ముకి ఊపిరితిత్తులు పోయి చనిపోయాడు. చివర్లో మాట కూడా రాలేదు. మీ ఇంటి పాత పైపులుంటే ఒక్కమాట వినిపిస్తారా?" అని. పైపులన్నీ ఎప్పుడో మార్చేశామని అతను చెప్పాడు. ఇవాళ ఫోను తీసింది ఇందుమతి. మాటల్లో మాటగా, ముప్పై ఏళ్ళ పైపు కోయించామనీ, రేపు మస్తాన్ యాసిడ్ కొడతాడనీ చెప్పేసింది.

ఫోను అతని చేతికొచ్చేసరికి అవతల మాటలు ఆగడం లేదు.

"ఉన్నాయంటగా అన్నయ్యా! మీరు మర్చిపోయుంటారు. యాసిడ్ కొట్టించబాకండి, దణ్ణం పెడతా. బుధవారం నేనే వస్తా. ఒప్పుకోలు కాయితం మీద సంతకం పెడతా."

పక్కనే ఇందుమతి నిలబడి ఉంది. కాదనడానికి దారి కనపడలేదు.

సోమవారం మస్తాన్ పాత పైపు మొత్తం తీసి ప్లాస్టిక్ పైపు వేశాడు. పనికొచ్చే ముక్కలు రెండు దొరికాయి, ఒకటి ముందు వంటింటి దగ్గరిది, ఒకటి వెనకవైపు కుళాయి దగ్గరిది. పురుషోత్తం వాటిని గోనెసంచిలో చుట్టుకుని మంగళవారం ప్రయోగశాలకు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు తలుపు గడియ పెట్టి, ముందువైపు ముక్కని మిషన్లో బిగించాడు. తల్లి ఒప్పుకోలు లేదు. ఆమెని అడగనూ లేదు. అతను రాసిన నియమాన్ని మొదట తప్పింది అతనే.

అతనికి ఆ రోజు బాగా గుర్తుంది. కనీసం గుర్తుందనుకున్నాడు. అమ్మ వాల్వు కట్టమంది, వద్దమ్మా అన్నాడు, ఆమె వినలేదు, వణికే చేతులతో తిప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఈ జ్ఞాపకాన్ని కప్పుకునే నిద్రపోయాడు. తప్పు చేసినా చేయించింది అమ్మ కదా అనుకునేవాడు.

పైపు గోడ వైపు నుంచి పాత పొరలు రాలుతున్నాయి. గిన్నెల చప్పుడు, చీపురు కోసం ఎవరో కేకలు, ఆ తర్వాత తల్లి గొంతు, ముప్పై ఏళ్ళు చిన్నది.

"పొమ్మని ఎట్టా అంటాంరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అననక్కర్లేదమ్మా. సందులో వాల్వు రెండు చుట్లు తిప్పితే సరి. పూర్తిగా కడితే తెలిసిపోద్ది. అడిగితే గార పట్టిందని చెప్తా. ఇంజనీరింగు చదివేవాణ్ణి, నమ్మరా ఏంది?"

తర్వాత నవ్వు. చిన్న నవ్వు, తన తెలివికి తనే మురిసిపోయే కుర్రాడి నవ్వు.

పురుషోత్తం చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ చెప్పలేదు. చేతులు వణకలేదు. ఆలోచన అతనిది, చుట్ల లెక్క అతనిది, అబద్ధం అతనిది. అమ్మ అడిగింది ఎట్టా అని మాత్రమే. సిగ్గు అంటే ఏమిటో తనకు తెలుసనుకున్నాడు ఇన్నాళ్ళూ. అప్పటిదాకా పడ్డది అమ్మ తరఫున పడ్డ సిగ్గు, అది మోయడం తేలికే. ఇది తనది. గది ఖాళీగా ఉన్నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫైలు చెరిపేశాడు. కింద రాలిన తెల్లపొడిని కాయితంలోకి ఎత్తి సింకులో పోసి నీళ్ళు వదిలాడు. వెనకవైపు ముక్కలో ఆ కుటుంబం మాటలే ఉంటాయి. బిందెలూ, బట్టలూ, నాలుగు మాటలు. అమ్మాయి తండ్రి గొంతు విని సంతోషంగా వెళ్తుంది. అలా సర్దిచెప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్తే వంటింట్లో సాంబ్రాజ్యం కుళాయి ముందు నిలబడి మురిసిపోతోంది. ఎనభై నిండినా ఆమె నడుం వంగలేదు.

"చూడరా ఎట్టా పడతన్నయ్యో! బిందె నిండటానికి నిమిషం పట్టలా."

"అమ్మా, ప్రకాశం గారోళ్ళు గుర్తున్నారా? ఆ వాల్వు సంగతి ముందు ఎవరన్నారు?"

సాంబ్రాజ్యం కట్టేసిన కుళాయిని మళ్ళీ విప్పింది. పక్కగదిలో కోడలుంది. నీళ్ళు దబదబా పడుతుంటే గొంతు తగ్గించి చెప్పింది.

"నువ్వేగా. వాల్వులూ అయ్యీ నాకేం తెలుసురా? అయినా ఇప్పుడెందుకా మాటలు? మనమేం వాళ్ళని తరిమామా? వాళ్ళంతట వాళ్ళే పోయారు."

ఆమె మొహంలో ఏ కళంకమూ లేదు. పురుషోత్తానికి ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపానికి కాస్తయినా హక్కుండాలి కదా.

బుధవారం పదింటికల్లా కృపావతి ప్రయోగశాలకి వచ్చేసింది. నలభై దాటింది, చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు. గుమ్మంలోనే వంగి అతని కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు.

"ఏటా మొదటి క్లాసులో మీ పేరే చెప్తా అన్నయ్యా. చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్ళు రాకపోతే గార అనేది ఒకటుందని చెప్పి నన్ను కెమిస్ట్రీలోకి తోసింది మా పురుషోత్తం అన్నయ్యేనని. పిల్లలు నవ్వుతారు, మేడం గార మేడం అని."

"కూర్చోమ్మా," అన్నాడు.

వెనకవైపు ముక్క బిగించాడు. నియమం ప్రకారం మిషను వింటున్నదీ, గదిలో మాట్లాడుతున్నదీ అంతా రికార్డవుతుంది. దీపం ఎర్రగా వెలిగింది. కాసేపు నీళ్ళ గరగర. తర్వాత, పక్కన నిలబడి అన్నట్టుగా, ఒక మగగొంతు.

"నీళ్ళొస్తన్నయమ్మా కృపా! బిందె తీసుకురా, ఆగిపోద్ది!"

కృపావతి కుర్చీలోంచి లేచి నిలబడింది. పిలిస్తే వెళ్ళబోయే పిల్లలాగే నిలబడింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కళ్ళనించి ధారలు కారుతుంటే నవ్వింది. "నాన్న. నాన్నే అన్నయ్యా. ఇట్టాగే పిలిచేవాడు." ఇక్కడ ఆపేయొచ్చు. పొర పాడైపోయిందని చెప్పొచ్చు. పురుషోత్తం చెయ్యి మీట దాకా వెళ్ళింది కూడా. కానీ ఆమె మొహం చూస్తూ ఆ మీట నొక్కడం అతని వల్ల కాలేదు.

ఇంకో పొర. ఈసారి ఆడగొంతు, ఏడుపు దాచుకుంటున్న గొంతు.

"వాల్వు కట్టేశారంట. సందులో ఉందంట. పక్కింటామె చెప్పింది."

"తెలుసులే. నేనూ చూశా. రెండు చుట్లు. నేను తిప్పుకోలేకనా? తిప్పితే రేపే ఖాళీ చేయమంటారు. పిల్ల పరీక్షలయ్యేదాకా ఓర్చుకో."

"ఆ అబ్బాయి గార అన్నాడుగా?"

"అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. పిల్లకి మాత్రం చెప్పబాక. గార పట్టిందనే అనుకోనీ. అన్నయ్యా అన్నయ్యా అని తిరుగుతది. లెక్కలు బాగా చెప్తన్నాడు. మనిషి మీద నమ్మకం పోతే దానికి లెక్కల మీద గూడా పోద్ది."

నీళ్ళు ఆగిన చప్పుడు. ఆ తర్వాత మిషన్లోంచి ఏమీ రాలేదు. కొద్దిగా తెల్లపొడి పళ్ళెంలోకి రాలింది.

ఇరవై ఏళ్ళు కుళాయిల మాటలు విన్నవాడు పురుషోత్తం. కొడుకు మీద తండ్రి చెప్పిన చాడీలు విన్నాడు, చచ్చినవాళ్ళ తిట్లు విన్నాడు. తనని కాపాడుతూ ఎవరైనా మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి. ఆయనకి అంతా తెలుసు. తెలిసి, "నువ్వు చెబితే అంతేలే బాబూ" అన్నాడు. తను తెలివనుకుని నవ్విన మాటని ఆయన కూతురి కోసం నిజంలా మోసుకెళ్ళాడు. నేల చీలితే బాగుండుననిపించింది, నేల చీలలేదు.

కృపావతి మెల్లగా కూర్చుంది. పవిటతో మొహం తుడుచుకుంది. పళ్ళెంలోని పొడికేసి చూస్తూ అడిగింది.

"నిజమేనా?"

"నిజమే."

"ముందువైపు ముక్క కూడా ఉందని నిన్న ఫోన్లో వదినగారు చెప్పారు. అదేది?"

"చదివాను. నిన్న."

"ఏముందందులో?"

"చెరిపేశాను."

ఆమె అతనికేసి చూసింది. తిడుతుందనుకున్నాడు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఏదైనా భరించడానికి సిద్ధపడ్డాడు. ఆమె అవేవీ చేయలేదు. ఎర్రదీపం వెలుగుతున్న మిషనుకేసి తల ఊపింది.

"అది ఆపబాకండి. మా నాన్న మాటలు ఎట్టాగూ అందులో ఉన్నయి. మీ వైపు ముక్కలో ఏముందో మీ నోటితో చెప్పండి, సార్."

సార్. ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ళ అన్నయ్య పోయాడు. పోగొట్టుకున్నాకగానీ అది ఎంత పెద్ద పిలుపో అతనికి తెలియలేదు.

ఉత్తరం సంగతి చెప్పాడు. తల్లి ఎట్టా అని అడగడం చెప్పాడు. వాల్వు ఉపాయం తనదేనని, రెండు చుట్ల లెక్క తనదేనని, అడిగితే గార అని చెబుతానన్నదీ తనేనని చెప్పాడు. అమ్మ మీదికి తోసేసి ముప్పై ఏళ్ళు బతికానని చెప్పాడు. పైపులు మార్చేశామని రెండేళ్ళ కింద చెప్పింది కూడా అబద్ధమేనని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి చూడటానికి ప్రయత్నించాడు, రెండు మూడుసార్లు చూడగలిగాడు.

అతను ఆగాక కృపావతి, ప్రయోగశాలలో పాఠం అప్పజెప్పించుకునే లెక్చరర్‌లా అడిగింది.

"అంతేనా సార్?"

అంతే అనొచ్చు. ఆ పొర పొడి అయి సింకులో కొట్టుకుపోయింది. ఫైలు లేదు. ఈ భూమ్మీద ఎవరూ, ఏ మిషనూ, ఇంకేమైనా ఉందని నిరూపించలేరు.

"కాదు," అన్నాడు పురుషోత్తం. "ఆ మాట అన్నాక, నవ్వాను."